బెంగళూరులో ‘కొంప’ అనే మాట ఎలా వాడాలి

అద్దె ఇల్లు చూసి బయటికొస్తూ "ఏం కొంపరా ఇది" అనేస్తాం, ఓనర్ పక్కనే ఉన్నా తెలుగు రాదులే అన్న ధైర్యంతో. ఈ ఊళ్లో ఆ ధైర్యం పనికిరాదు. ఓనర్లలో తెలుగు అర్థమయ్యేవాళ్లు బోలెడుమంది, ఇంట్లో మాట్లాడేదే తెలుగైనవాళ్లూ ఉన్నారు. తెలుగు అసలే రాకపోయినా కన్నడలో ‘కొంపె’ ఉంది, పాడుబడిన చోటు, మురికి చోటు అని అర్థం. హంపిని ‘హాళు కొంపె’ అంటారు, వినే ఉంటారు. మన కొంప కంటే అదే ఘాటు.

మన ఇంటిని మనం ఎంతైనా అనుకోవచ్చు. "కొంపకి చేరేదెప్పుడు?" అని అమ్మ ఫోన్లో కసిరితే అది విసుగే తప్ప ఇల్లు బాగాలేదని కాదు, లేకపోతే పెద్ద ఇంటిని లంకంత కొంప అని ఎందుకంటాం? అదే మాట కొలీగ్ గృహప్రవేశంలో జోక్‌గా కూడా వద్దు.

ఇల్లు నిజంగానే బాగాలేకపోతే ఏం బాగాలేదో చెప్పండి: బాత్రూం గోడకి చెమ్మ, కిటికీ తీస్తే చెయ్యి చాపేంత దూరంలో పక్కింటి గోడ. సిమెంటు రేకుల ఇంటిని ఇక్కడ షీట్ హౌస్ అంటారు, బ్రోకర్‌తో "షీట్ హౌస్ వద్దు" అంటే చాలు, మిగతాది అతనికి తెలుసు. గుడిసె, పాక అనేవి తిట్లు కావు, కట్టిన తీరును బట్టి వచ్చిన పేర్లు. అపార్ట్‌మెంట్లు కట్టే కూలీలు పక్కనే టార్పాలిన్ కప్పుకుని ఉండేవాటిని గుడిసెలనండి, కొంపలనకండి. మురికివాడకి కన్నడ మాట కొళగేరి, మురికివాడల అభివృద్ధికి ఉన్న ప్రభుత్వ మండలి పేరులోనూ అదే ఉంది.

ఇక జాతీయాల్లో మాత్రం ‘కొంప’ తీసి ‘ఇల్లు’ పెడితే కుదరదు. 2022 సెప్టెంబరు వానలకి యమలూరు వైపు విల్లాల్లోకి నీళ్లొచ్చినప్పుడు మునిగింది ఇల్లు. సోమవారం డెమో పెట్టుకుని ఆదివారం రాత్రి సర్వర్ పడిపోతే మునిగేది కొంప. ఊరికే కంగారుపడేవాణ్ణి "కొంపలేం అంటుకోలేదులే" అని కూర్చోబెట్టొచ్చు. కొంపదీసికైతే ఇంటితో సంబంధమే లేదు, జరక్కూడనిది జరుగుతుందేమోనన్న అనుమానానికి వాడతాం: "కొంపదీసి పది నెలల అడ్వాన్స్ అడుగుతాడా ఏంటి?" రాసేటప్పుడు దాన్ని విడగొట్టకండి, కలిపే రాయాలి.