డెబియన్ 13కి మారాక మెయిల్ మొరాయిస్తే: సమస్య - పరిష్కారం

సర్వర్లలో వాడే లినక్స్ రకం డెబియన్ 12 నుంచి 13కి వెళ్తే, మెయిల్స్ పంపి తీసుకునే పోస్ట్‌ఫిక్స్ 3.7 కాస్తా 3.10 అవుతుంది, వచ్చిన మెయిల్స్‌ను యూజర్లకు చూపే డవ్‌కాట్ 2.3 కాస్తా 2.4 అవుతుంది. నంబర్లు చూసి చిన్న మార్పే కదా అనుకోకండి. డవ్‌కాట్ 2.4 పాత కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలును ఒప్పుకోదు. పోస్ట్‌ఫిక్స్ ఒప్పుకుంటుంది, కానీ మీరు రాయకుండా వదిలేసిన చోట అది తనంతట పెట్టుకునే విలువలు కొన్ని మారిపోయాయి. హైదరాబాద్‌లో బాలానగర్, చర్లపల్లి వైపు చిన్న కంపెనీల సర్వర్లు చూసుకునేవాళ్లకు "అన్నా, మెయిల్స్ పోతలేవు" అని వచ్చే ఫోన్లలో చాలావాటికి మూలం ఈ రెండిట్లో ఏదో ఒకటి.

ఇంకా అప్‌గ్రేడ్ చేయనివాళ్లు ముందు పోస్ట్‌కాన్ఫ్ -ఎన్, డవ్‌కాన్ఫ్ -ఎన్ కమాండ్లు ఇచ్చే అవుట్‌పుట్‌ను, అంటే మీరు పెట్టుకున్న సెట్టింగుల జాబితాను, ఒక ఫైల్లో దాచుకోండి. అలాగే నెలలో 11, 20 తేదీల దగ్గర ఈ పని పెట్టుకోకండి. జీఎస్టీ రిటర్నుల గడువు రోజున అకౌంట్స్ సెక్షన్‌లో మెయిల్ ఆగితే మీ టెన్షన్ ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

డవ్‌కాట్ లేవట్లేదు, లేదా లేచింది గానీ అందరి ఇన్‌బాక్సూ ఖాళీ

ఈ రెండూ ఒకే చోట పుడతాయి. అప్‌గ్రేడ్ మధ్యలో "మీ పాత కాన్ఫిగ్ ఫైలు ఉంచాలా, కొత్తది పెట్టాలా" అని అడుగుతుంది చూడండి, అక్కడ. పాతది ఉంచమంటే సర్వీసు స్టార్ట్ కాదు. కొత్తది పెట్టమంటే స్టార్ట్ అవుతుంది, కానీ డెబియన్ ఇచ్చే ఫైల్లో మెయిల్ స్టోరేజీ ఎంబాక్స్ (ఒక ఫోల్డర్ మెయిల్స్ అన్నీ ఒకే ఫైల్లో) అని, ఇన్‌బాక్స్ వార్ ఫోల్డర్‌లోని మెయిల్ డైరెక్టరీలో అని ఉంటుంది. మీ మెయిల్స్ ఏమో వేరేచోట మెయిల్‌డిర్ పద్ధతిలో (ఒక్కో మెయిల్‌కు ఒక్కో ఫైలు) ఉన్నాయి. యూజర్ లాగిన్ అవుతాడు, ఏమీ కనబడదు, గుండె ఆగినంత పనవుతుంది. మెయిల్స్ ఎక్కడికీ పోలేదు, డిస్క్ మీద ఉన్నచోటే ఉన్నాయి.

వెంటనే డవ్‌కాట్‌ను ఆపేయండి. ఆపితే వచ్చే మెయిల్స్ పోతాయేమో అన్న భయం వద్దు. డవ్‌కాట్‌కు ఎల్‌ఎంటీపీ (మెయిల్‌ను మెయిల్‌బాక్సుకు చేర్చే పద్ధతి) ద్వారా అందించే ఏర్పాటు ఉంటే, మామూలు సెట్టింగులో పోస్ట్‌ఫిక్స్ వాటిని 5 రోజుల దాకా క్యూలో పెట్టుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆపకుండా తప్పు దారితో నడవనిస్తేనే అసలు చిక్కు, ఎందుకంటే కొత్త మెయిల్స్ ఆ తప్పు ఫోల్డర్లో పడి, తర్వాత మీరు వాటిని ఏరుకోవాల్సి వస్తుంది. ఈలోగా ఎవరూ ఔట్‌లుక్‌లో అకౌంట్ తీసేసి మళ్లీ పెట్టకుండా చూడండి, ఎవరో ఒకరు ఆ పని చేసే తీరతారు.

ఇక ఫైలు. మొట్టమొదటి సెట్టింగ్ డవ్‌కాట్_కాన్ఫిగ్_వెర్షన్ అయి ఉండాలి, దానితోపాటు డవ్‌కాట్_స్టోరేజ్_వెర్షన్ కూడా రాయాలి. ఇవి లేకపోతే అది ముందుకు కదలదు. పాత మెయిల్_లొకేషన్ ఒక్క లైను ఇప్పుడు రెండుగా విడిపోయింది: మెయిల్_డ్రైవర్‌లో మెయిల్‌డిర్ అని, మెయిల్_పాత్‌లో దారి. ఆ దారిలో పాతప్పుడు శాతం గుర్తు పక్కన డి అనో ఎన్ అనో ఒక్క అక్షరం రాస్తే సరిపోయేది, ఇప్పుడు ఫ్లవర్ బ్రాకెట్లు పెట్టి యూజర్ అని రాసి, నిలువు గీత తర్వాత డొమైన్ కావాలో యూజర్‌నేమ్ కావాలో చెప్పాలి. సర్టిఫికెట్ సెట్టింగ్ పేరు ఎస్‌ఎస్‌ఎల్_సర్వర్_సర్ట్_ఫైల్ అయింది, దారి ముందు పెట్టే బాణం గుర్తు తీసేయండి. పాస్‌వర్డ్‌లు, యూజర్ల వివరాలు ఎక్కడున్నాయో చెప్పే పాస్‌డీబీ, యూజర్‌డీబీ బ్లాకులకు ఒక్కోదానికి ఒక పేరు ఉండాలి.

పాత ఫైలును లైను లైనుగా మార్చుకుంటూ పోవడం కంటే కొత్త ఫైలు తీసుకుని, దాచుకున్న అవుట్‌పుట్ పక్కన పెట్టుకుని అందులోకి మీవి ఎక్కించడమే తేలిక అని నా అభిప్రాయం. అయ్యాక డవ్‌కాట్ నిర్వహణ కమాండ్ డవ్‌ఆడ్మ్‌తో ఒక యూజర్ ఇన్‌బాక్స్‌లో ఎన్ని మెసేజీలున్నాయో అడగండి. సరైన సంఖ్య వచ్చాకే మిగతా వాళ్లకు తెరవండి.

కొందరికే పాస్‌వర్డ్ తప్పు అంటోంది

ఆ కొందరు పదేళ్ల కిందటి అకౌంట్ల వాళ్లు అయితే డౌటు అక్కర్లేదు, వాళ్ల పాస్‌వర్డ్ సాల్ట్ (పాస్‌వర్డ్‌కు కలిపే యాదృచ్ఛిక అక్షరాలు) లేని ఎండీ5 లాంటి బలహీనమైన పద్ధతిలో దాచి ఉంటుంది. 2.4 అలాంటివి డిఫాల్ట్‌గా ఒప్పుకోదు. ఆత్_అలౌ_వీక్_స్కీమ్స్‌ను యెస్ చేస్తే అప్పటికి పని నడుస్తుంది. కానీ అలాగే వదిలేయకండి, వాళ్లందరికీ బీక్రిప్ట్ అనే బలమైన పద్ధతితో కొత్త పాస్‌వర్డ్‌లు పెట్టించి మళ్లీ నో చేయండి.

హెడ్డాఫీసు నుంచి ఇన్వాయిస్ పోతుంది, బ్రాంచి నుంచి పోదు

ఇది మనిషిని బాగా తిప్పలు పెట్టే రకం. అదే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, అదే సెట్టింగ్స్. బాలానగర్‌లో నొక్కితే వెళ్లిపోతుంది, చర్లపల్లిలో నొక్కితే చాలాసేపు తిరిగి తిరిగి ఫెయిల్ అంటుంది. అందరూ ముందు బ్రాంచి ఇంటర్నెట్‌ను తిడతారు. మీరు మాత్రం మెయిల్ లాగ్ తెరిచి "టైమౌట్ ఆఫ్టర్ డేటా" అని ఆ బ్రాంచి ఐపీ పక్కన ఉందేమో చూడండి.

మెయిల్ పంపడానికి సర్వర్లు వాడే ఎస్‌ఎంటీపీలో ప్రతి లైనూ సీఆర్, ఎల్‌ఎఫ్ అనే రెండు గుర్తులతో ముగియాలి, మెయిల్ అయిపోయిందని చెప్పే ఒంటి చుక్క లైను కూడా అంతే. పాత సాఫ్ట్‌వేర్లు, చేతిరాత పీహెచ్‌పీ స్క్రిప్టులు కొన్ని ఎల్‌ఎఫ్ ఒక్కటే పంపుతాయి. ఇన్నాళ్లూ పోస్ట్‌ఫిక్స్ సర్దుకుపోయింది. 2023 డిసెంబరులో ఎస్‌ఎంటీపీ స్మగ్లింగ్ బయటపడింది: మెయిల్ ఎక్కడ ముగిసిందో రెండు సర్వర్లు రెండు రకాలుగా అర్థం చేసుకుంటే, ఒక మెయిల్ కడుపులో ఇంకో దొంగ మెయిల్ పెట్టి పంపొచ్చు. అందుకని 3.9 నుంచి ఎస్‌ఎంటీపీడీ_ఫర్బిడ్_బేర్_న్యూలైన్ డిఫాల్ట్ విలువ నార్మలైజ్ అయింది. ఇప్పుడు ఎల్‌ఎఫ్ ఒక్కటే ఉన్న ముగింపును అది ముగింపుగా లెక్కే వేయదు, ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూస్తుంది, అవతల సాఫ్ట్‌వేర్ కూడా జవాబు కోసం ఎదురుచూస్తుంది, మామూలుగా 300 సెకన్లకు లైను తెగుతుంది.

మరి హెడ్డాఫీసులో ఎందుకు పోతోందంటే, మైనెట్‌వర్క్స్‌లో, అంటే పోస్ట్‌ఫిక్స్ నమ్మే నెట్‌వర్కుల జాబితాలో, ఉన్న ఐపీలకు ఈ నియమం నుంచి డిఫాల్ట్‌గా మినహాయింపు ఉంది. బ్రాంచి బయటి ఐపీ నుంచి వస్తోంది కాబట్టి దొరికిపోయింది. అనుమానం తీరాలంటే విలువను కొన్నాళ్లు నోట్ అని పెట్టండి, బేర్ ఎల్‌ఎఫ్ (సీఆర్ లేని ఒంటరి ఎల్‌ఎఫ్) వచ్చిందో లేదో లాగ్‌లో రాస్తుంది.

సరైన మందు సాఫ్ట్‌వేర్ వాళ్లతో లైను ముగింపు సరిచేయించడం. వాళ్లు "చూస్తాం సార్" అంటూ కాలం గడిపితే, బ్రాంచికి స్టాటిక్ ఐపీ ఉంటే ఆ ఒక్క ఐపీని ఈ నియమం మినహాయింపుల (ఎక్స్‌క్లూజన్స్) లిస్టులో చేర్చండి, మైనెట్‌వర్క్స్ పేరు కూడా ఆ లిస్టులోనే ఉంచాలి, లేకపోతే హెడ్డాఫీసు కూడా ఆగుతుంది. మొత్తం నియమాన్నే నో చేసి కూర్చోకండి.

"రిలే యాక్సెస్ డినైడ్"

రిలే అంటే మీ సర్వర్ ఇతర మెషీన్ల మెయిల్‌ను బయటికి చేరవేయడం; ఆఫీసు మెషీన్లకే అది కుదరదంటుంటే ఇది చూడండి. లాగ్‌లో పాత డిఫాల్ట్ వాడుతున్నానని పోస్ట్‌ఫిక్స్ నోట్ రాస్తుంటే చిరాకేసి ఎవరో కంపాటిబిలిటీ_లెవెల్‌ను (ఏ వెర్షన్ డిఫాల్ట్‌లు వాడాలో చెప్పే సెట్టింగ్) 3.6 చేసి ఉంటారు. ఆ లెవెల్‌కు వెళ్తే, మైనెట్‌వర్క్స్ విడిగా రాసి లేనప్పుడు, సర్వర్ తన సబ్‌నెట్ మొత్తాన్ని కాకుండా తనను తాను మాత్రమే నమ్ముతుంది. ఆఫీసు లాన్ రేంజిని మైనెట్‌వర్క్స్‌లో స్పష్టంగా రాయండి. క్లౌడ్ సర్వర్ అయితే మాత్రం సబ్‌నెట్ రాయొద్దు, పక్కింటివాళ్ల మెషీన్లకు కూడా మీ రిలే తెరిచినట్టే.

పార్క్‌లేన్‌లో సెకండ్ హ్యాండ్‌గా కొన్న స్కానర్ మెయిల్ పంపట్లేదు

టీఎల్‌ఎస్ (కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) 1.0 దాటి తెలియని మెషీన్ అది, ఆ పని చేసే లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కొత్త వెర్షన్ డిఫాల్ట్‌గా దానితో మాట్లాడదు. దాని కోసం సర్వర్ అంతటి సెక్యూరిటీ లెవెల్ తగ్గించకండి. పోస్ట్‌ఫిక్స్ మాస్టర్ ఫైల్లో లాన్ ఐపీ మీద మాత్రమే వినే ఇంకో పోర్టు తెరిచి, టీఎల్‌ఎస్ లేకుండా, ఆ స్కానర్ ఐపీని మాత్రమే అనుమతిస్తే చాలు.

మెయిల్ దారిలో పడ్డాక తీరిగ్గా చూడదగ్గది ఒకటుంది: 3.10లో టీఎల్‌ఎస్ రిపోర్టింగ్ వచ్చింది. అవతలి సర్వర్లు మీకు మెయిల్ పంపేటప్పుడు ఎన్‌క్రిప్షన్ ఎక్కడ ఫెయిలైందో వాళ్లే మీకు రిపోర్టు పంపే పద్ధతి ఎప్పటినుంచో ఉంది, ఇప్పుడు మీ పోస్ట్‌ఫిక్స్ కూడా ఇతరులకు అలా పంపడంలో భాగం కాగలదు. చిన్న ఆఫీసుకు అత్యవసరమేమీ కాదు.

రెండు డవ్‌కాట్ సర్వర్ల మధ్య రెప్లికేషన్ (ఒకదానిలోని మెయిల్స్ రెండోదానిలోనూ ఉండేలా కాపీ చేయడం) నడుపుతున్నవాళ్లకు మాత్రం పై పరిష్కారాలతో అది తిరిగి రాదు. 2.4లో ఆ ఫీచరే తీసేశారు. వేరే ఏర్పాటు సిద్ధమయ్యేదాకా డెబియన్ 12 మీదే ఉండిపోండి.