ఇంగ్లీషులో మొదటి నవల ఏది చదవాలి అంటే: టీనేజి లవ్ స్టోరీ పట్టుకోండి

నా దగ్గరున్న ఒక ఇంగ్లీషు నవలలో 240వ పేజీ తర్వాత మళ్ళీ 225వ పేజీ వస్తుంది. చదివిందే మళ్ళీ 240 దాకా చదువుకుంటూ పోతే, ఆ తర్వాత తిన్నగా 257. అంటే ఒక ఫారం, 16 పేజీలు, రెండుసార్లు పెట్టి బైండ్ చేసి దాని తర్వాతి ఫారం వదిలేశారన్నమాట. బెంగళూరు ఎం.జి. రోడ్డు దగ్గర ఫుట్‌పాత్ మీద 150 రూపాయలకి కొన్న పైరసీ కాపీ, కాబట్టి తప్పు నాదే. కానీ పోయిన పేజీలు ఏవో చూడండి. పుస్తకం మొదట్నుంచీ ఒకర్నొకరు దెప్పుకుంటూ తిరిగిన ఇద్దరూ మొదటిసారి మనసులో మాట బయటపెట్టే చోటు! 240లో అమ్మాయి అబ్బాయి పాత కారు డోరు తీస్తుంది. 257లో ఇద్దరూ ఐస్‌క్రీమ్ తింటుంటారు, అబ్బాయి స్వెటర్ అమ్మాయి ఒంటి మీద ఉంటుంది.

మధ్యలో ఏం జరిగి ఉంటుందో నాకు తెలుసు, ఆ మాటకొస్తే అట్ట చూసినప్పుడే తెలుసు. అయినా ఆ రాత్రి మారతహళ్ళి పీజీలో నాకు నిద్ర పడితే ఒట్టు. శనివారం చర్చ్ స్ట్రీట్‌కి వెళ్ళి, ఒక షాపులో అసలు కాపీ వెతికి పట్టుకుని, అల్మరా పక్కన నిలబడి ఆ 16 పేజీలూ చదివేసి, ఊరికే వచ్చేయడానికి సిగ్గేసి ఇంకో నవల కొనుక్కొచ్చాను. ‘ఈ కథల్లో ఏముందక్కా, ఎండింగ్ ముందే తెలిసిపోతుందిగా’ అని మా రూమ్మేట్ అన్నప్పుడల్లా ఈ సంగతే చెప్తుంటాను.

ఇది నాలాంటి వాళ్ళ కోసం రాస్తున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇక్కడ ఆఫీసులో పొద్దున్నుంచీ ఇంగ్లీషు మెయిళ్ళే, కానీ ఇంగ్లీషు నవల ఒక్కటీ చివరిదాకా చదివింది లేదు. ఎవరో గొప్ప పుస్తకం చెప్తారు, కొంటాం, ముప్పయ్యో పేజీ దగ్గర బుక్‌మార్క్ పెడతాం, అది ఇప్పటికీ అక్కడే ఉంటుంది. దాన్ని అక్కడే ఉండనిచ్చి, యంగ్ అడల్ట్, అంటే టీనేజి పిల్లల కోసం రాసిన పుస్తకాల అల్మరా దగ్గరికి వెళ్ళండి, అందులోనూ ఇప్పటి కాలంలో జరిగే సరదా ప్రేమకథల వైపు. వీటిలో ఎక్కువ భాగం ‘నేను’ అంటూ అమ్మాయో అబ్బాయో చెప్పుకుపోయే కథలే. వాక్యాలు చిన్నవి, సగం పేజీలు మాటలే, చాప్టర్ పది పేజీలు దాటితే ఎక్కువ. ఈ ఇంగ్లీషు మనకి మెయిళ్ళలో దొరికేది కాదు, మనుషులు ఇంట్లో మాట్లాడుకునేది.

వయసు గురించి మొహమాటం వద్దు. అమెరికాలో 2012లో బౌకర్ అనే సంస్థ లెక్క తీస్తే, టీనేజి పిల్లలకని అచ్చేసిన పుస్తకాలు కొనేవాళ్ళలో 55 శాతం 18 దాటినవాళ్ళే, అందులోనూ ఎక్కువమంది 30 నుంచి 44 మధ్య ఉన్నవాళ్ళు.

కొనేటప్పుడు అట్టని నమ్మకండి. ఒకప్పుడు బొమ్మ గీసిన రంగురంగుల అట్ట ఉంటే టీనేజి కథే అనుకునేవాళ్ళం, ఇప్పుడు పెద్దవాళ్ళ రొమాన్సులకి కూడా అవే బొమ్మలు వేస్తున్నారు, లోపల వ్యవహారం వేరేగా ఉంటుంది. మెట్రోలో పక్కనెవరో మీ భుజం మీదుగా చదువుతున్నప్పుడు ఆ తేడా తెలియడం ఏమంత బాగుండదు (అనుభవం). అందుకని వెనక అట్ట మీద హీరోయిన్ వయసు చూడండి. 16, 17 అయితే మనది, 27 అయితే కాదు. అక్కడే యాక్సిడెంట్, అనారోగ్యం లాంటి మాటలుంటే అది ఏడిపించే రకం, ఇంకోసారికి ఉంచుకోండి. తర్వాత మొదటి పేజీ అక్కడే నిలబడి చదవండి. తెలియని మాటలు ఐదు దాటితే పక్కన పెట్టేయండి, ఎవరూ ఏమీ అనరు.

మీకు ఏ రకం కిక్ ఇస్తుందో తెలుసుకోవడం అసలు పని. పక్కింటబ్బాయి కథలుంటాయి, శత్రువులు ప్రేమికులయ్యేవి ఉంటాయి, నా ఓటు మాత్రం ‘ఫేక్ డేటింగ్’కే. ఏదో అవసరానికి ఇద్దరూ ప్రేమలో ఉన్నట్టు ఊరందరి ముందు నటించాలి. నటన కాబట్టి చెయ్యి పట్టుకోవచ్చు, అందరి ముందూ పట్టుకోవాలి కూడా. ఎవరూ చూడని చోట కూడా చెయ్యి వదలడం మర్చిపోయారని మనం గమనిస్తాం, వాళ్ళు గమనించరు, లేదా గమనించి కూడా ఊరుకుంటారు. ఇక మనం పేజీ తిప్పకుండా ఎలా ఉంటాం? జెన్నీ హాన్ 2014లో రాసిన ‘టు ఆల్ ది బాయ్స్ ఐ హావ్ లవ్డ్ బిఫోర్’ ఈ రకమే, 2018లో సినిమాగా వచ్చింది కాబట్టి కథ కొంత తెలిసి మొదలుపెట్టినా సుఖమే. మనవాళ్ళ ఇల్లు కనపడాలంటే సంధ్యా మీనన్ ‘వెన్ డింపుల్ మెట్ రిషి’ తీసుకోండి, 2017ది. పెద్దవాళ్ళు లోపాయికారీగా సంబంధం మాట్లాడేసుకున్న సంగతి అబ్బాయికి తెలుసు, అమ్మాయికి తెలియదు, ఇద్దరూ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకే కోడింగ్ క్యాంపుకి వస్తారు. మొదటిసారి కలిసినప్పుడే అమ్మాయి అతని మీద ఐస్‌డ్ కాఫీ విసురుతుంది.

చాలామంది తడబడేది ఇంగ్లీషు దగ్గర కాదు, అమెరికా స్కూలు దగ్గర. అక్కడ తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఫ్రెష్‌మన్, సోఫమోర్, జూనియర్, సీనియర్ అంటారు, సీనియర్ అంటే మన సెకండ్ ఇంటర్. హోమ్‌కమింగ్ చలికాలం ముందు వచ్చే సందడి, ప్రామ్ ఏడాది చివర్లో జరిగే డాన్సు పార్టీ, ‘గ్రౌండెడ్’ అంటే ఇంట్లోంచి కదలకూడదని అమ్మానాన్నలు వేసే శిక్ష. 16 ఏళ్ళకే లైసెన్స్ వస్తుంది కాబట్టి సగం ప్రేమ కార్లలోనే నడుస్తుంది. మన సెకండ్ ఇంటర్ ఎలా ఉండేదో మీకు చెప్పక్కర్లేదు. నాకైతే తెల్లారకముందు స్టడీ అవర్, రాత్రి పదికి స్టడీ అవర్, మధ్యలో ఎంసెట్ బిట్లు, అబ్బాయిల బ్లాక్ వైపు చూస్తే వార్డెన్ మేడమ్ ఇంటికి ఫోన్. ఈ కథల్లో అమ్మాయి లాకర్ దగ్గర నిలబడి, పక్క లాకర్ వాడు ఇవాళ ఎందుకు నవ్వలేదా అని మూడు పేజీలు ఆలోచిస్తుంటే మొదట్లో నాకు కోపం వచ్చేది. ఎంత తీరిక వీళ్ళకి అని. తర్వాత ఆ మూడు పేజీలూ నెమ్మదిగా చదవడం అలవాటైంది.

డిక్షనరీ తియ్యకండి. తెలియని మాట కింద పెన్సిల్ గీత పెట్టి ముందుకి పోండి, అదే మాట నాలుగోసారి ఎదురైతే అప్పుడు చూడొచ్చు, ఈలోగా సగం వాటికి అర్థం దానంతటదే తెలిసిపోతుంది. మెట్రో పర్పుల్ లైన్‌లో కుందలహళ్ళి నుంచి ఎం.జి. రోడ్డు దాకా నిలబడి వెళ్ళినా రెండు చాప్టర్లు అవుతాయి. ఇంట్లో కుదరదంటే కబ్బన్ పార్క్ ఉంది, 2023లో మొదలైన కబ్బన్ రీడ్స్ వాళ్ళు శనివారాలు చెట్ల కింద దుప్పట్లు పరుచుకుని ఎవరి పుస్తకం వాళ్ళు చదువుకుంటారు, ఎవరూ మీతో మాట్లాడరు. ఒక్క జాగ్రత్త. ముప్పాతిక పుస్తకం అయ్యేసరికి ఇద్దరికీ తప్పకుండా గొడవవుతుంది, రెండు నిమిషాలు కూర్చుని మాట్లాడుకుంటే తీరిపోయేదే, కానీ మాట్లాడుకోరు. రాత్రి అక్కడ మాత్రం ఆపకండి. మర్నాడు స్టాండప్ మీటింగులో మొహం వేలాడేసుకుని ఉంటారు.

చదివాక కథ ఎవరికైనా తెలుగులో చెప్పండి, ఎంత అర్థమైందో అప్పుడు తెలుస్తుంది. నేను మదనపల్లెలో ఉన్న మా అమ్మకి ఫోన్లో చెప్తాను. యద్దనపూడి నవలల మీద, ‘సెక్రటరీ’లో కారున్న హీరో రాజశేఖరం మీద పెరిగిన మనిషి, వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు చించి తనే దారంతో కుట్టుకునేదట. 16 పేజీల సంగతి చెప్తే నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

‘ఒక వారం పత్రిక రాకపోతే వీధి చివర టీచరమ్మ ఇంటికి పరిగెత్తేదాన్ని. సర్లే, ఇంతకీ ఆ పిల్లోడికి కారుందా?’

‘ఉందమ్మా. స్టార్ట్ అవ్వదు, ఆ అమ్మాయే దిగి తోస్తుంది.’

కాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘రాజశేఖరంది ఎప్పుడూ ఆగలేదే’ అంది.