గిన్నెల మీద గరుకు: డిష్‌వాషర్‌లో తప్పు ఎక్కడుందో కనిపెట్టడం ఎలా?

డిష్‌వాషర్‌లోంచి తీసిన గ్లాసులో వేలు పెడితే ఇసక తగిలినట్టు గరగరలాడుతోందా? మెకానిక్‌కు ఫోన్ చేసే ముందు ఆ గరుకును కాస్త గీరి, రెండు వేళ్ళ మధ్య నలిపి చూడండి. తిరుపతిలో మా ఇంటికొచ్చిన మెకానిక్ మూత కూడా సరిగ్గా తీయకుండానే పంపు మార్చాలన్నాడు. మేమూ దాదాపు ఒప్పేసుకున్నాం. తీరా చూస్తే పంపుకు ఏమీ కాలేదు.

నలిపితే మెత్తగా అణిగిపోతే అది తిండి. వేడినీళ్ళలో కరిగి, చేతికి జారుడుగా ఉంటే డిటర్జెంట్. తెల్లగా అంటుకుపోయి, నీళ్ళకు కరగక, వెనిగర్ వేస్తే వదిలితే సున్నపు పొర. వెనిగర్‌కూ లొంగకుండా రాయిలా గీసుకుంటే ఇసకే.

తిండి అయితే అడుగున ఉండే ఫిల్టర్ చూడండి. కింది ట్రే బయటికి లాగి, గుండ్రటి ఫిల్టర్‌ను తిప్పి పైకి తీయండి. దాని కింద పల్చటి జల్లెడ ఉంటే అదీ తీసి, పాత టూత్‌బ్రష్‌తో కొళాయి కింద రుద్దండి. తిరిగి పెట్టేటప్పుడు పూర్తిగా బిగించాలి. వదులుగా ఉంటే సందులోంచి మెతుకులు పంపులోకి పోయి, నీళ్ళతోపాటు మళ్ళీ గిన్నెల మీదికే వస్తాయి. తర్వాత నీళ్ళు చిమ్మే రెక్కలు తీసి, వాటి రంధ్రాల్లో టూత్‌పిక్ పెట్టి చూడండి. మా పై రెక్కలో పోపు ఆవాలు ఇరుక్కుపోయి ఉన్నాయి. పై ట్రేలో గ్లాసులే ఎక్కువ గరుకుగా ఉండటానికి సగం కారణం అదే. పొడుగు గరిటె ఏదైనా రెక్కకు అడ్డం పడుతోందేమో చేత్తో తిప్పి చూసుకోండి. గిన్నెలు ముందే కడగక్కర్లేదు గానీ, అడుగంటిన సంగటి, పళ్ళెంలో మిగిలిన చెనక్కాయల పచ్చడి గీకేయాలి. ఎండిన సంగటి గిన్నెను మాత్రం కాసేపు నానబెట్టండి.

మిగతా సగం కారణం మా బోరు నీళ్ళలో దొరికింది. బోరులోంచి సన్నటి ఇసక వస్తే అది ట్యాంకు అడుగున చేరుతుంది. ట్యాంకరు వచ్చి సంపులో నీళ్ళు పోసినప్పుడు అడుగున ఉన్న మడ్డి అంతా కదిలి పైకి లేస్తుంది. అందుకే అది తేరుకునే దాకా మెషిన్ వేయకండి. నీళ్ళు వచ్చే పైపు బిగించిన చోట చిన్న జాలీ ఉంటుంది. ప్లగ్ తీసి, కొళాయి కట్టేసి, పైపు విప్పి ఆ జాలీ కడగండి. కొన్ని పైపులకు కొళాయి దగ్గర చిన్న పెట్టె ఉంటుంది. అందులో కరెంటు భాగం ఉంటుంది కాబట్టి దాన్ని నీళ్ళలో ముంచకూడదు. ఇసక మళ్ళీ మళ్ళీ వస్తుంటే ట్యాంకు కడిగించి, మెషిన్‌కు ముందు ఒక ఫిల్టర్ పెట్టించండి. ఉప్పు ఎంత పోసినా ఇసక ఆగదు.

ఉప్పు పనికొచ్చేది సున్నానికి. గీజరు కాయిల్‌కు తెల్లటి పెచ్చు కడుతోందంటే మీ నీళ్ళు గట్టి నీళ్ళే. నీళ్ళ గట్టిదనానికి తగ్గట్టు మెషిన్‌లో సెట్టింగ్ పెంచి, డిష్‌వాషర్ ఉప్పే వాడండి. వంటింటి సన్న ఉప్పు మెషిన్‌లో ఉప్పు పోసే అరలో గడ్డకట్టి అడ్డుపడుతుంది. పోసేటప్పుడు బయట పడిన ఉప్పు తుడిచి, మూత గట్టిగా బిగించి, వెంటనే ఒకసారి మెషిన్ నడపండి. లేకపోతే ఆ ఉప్పే గిన్నెల మీద రవ్వలా మిగులుతుంది, లోపలి స్టీలునూ తింటుంది. పాత పొర వదలాలంటే డిష్‌వాషర్ డిస్కేలర్ తెచ్చి, ప్యాకెట్ మీద రాసినట్టు ఖాళీ మెషిన్‌లో వాడండి.

డిటర్జెంట్ మిగిలితే, మెషిన్‌లో అది వేసే డబ్బా మూతకు పెద్ద పళ్ళెం అడ్డుగా ఉందేమో చూడండి. చెమ్మ తగిలి గడ్డకట్టిన పొడి సరిగ్గా కరగదు. పొట్టి ప్రోగ్రాంలో కొన్ని ట్యాబ్లెట్లూ అంతే.

ఇవన్నీ చేశాక ఒక శుభ్రమైన స్టీలు గ్లాసు పై ట్రేలో బోర్లించి, బాగా వేడిచేసే ప్రోగ్రాం వేయండి. అయిపోగానే తలుపు తీసి చూస్తే గ్లాసు చల్లగా ఉన్నా, అడుగున మురికినీళ్ళు నిలిచినా అప్పుడు మెకానిక్‌ను పిలవండి. నీళ్ళు కాగడం లేదనో, బయటికి పోవడం లేదనో, ఏది కనబడితే అదే చెప్పండి. ఫిల్టరు, రెక్కలు, జాలీ మీరే కడిగేశారని కూడా చెప్పండి.