టీనేజీ పిల్లల ఇంటి చదువు: ఎక్కడ చిక్కుపడుతుంది, ఎలా విప్పాలి

ఎనిమిదో తరగతి తర్వాత మా అమ్మాయిని బడి మాన్పించి, ఎన్‌ఐఓఎస్ (ఇంట్లో చదువుకుని పరీక్షలు రాయగలిగే జాతీయ ఓపెన్ స్కూల్) ద్వారా పది రాయించాం. ఆ రెండేళ్లలో మాకు ఎదురైన చిక్కులివి.

సమస్య: పొద్దున పదకొండైనా పుస్తకం తియ్యదు. అడిగితే "చదువుతాలే అమ్మా" అంటుంది.

కారణం: బద్ధకం అనుకున్నాను. కాదు. తొమ్మిదికి లెక్కలు, పదికి సైన్స్ అంటూ నేనే టైంటేబుల్ రాసి గోడకి అంటించాను. అందులో తను అనుకున్నది ఒక్కటీ లేదు.

పరిష్కారం: ఆ కాగితం తీసేశాం. ఆదివారం రాత్రి వారం పని తనే నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. ఎప్పుడు చదవాలన్నది తన ఇష్టం, శనివారం సాయంత్రం మాత్రం చూపించాలి. మొదటి మూడు వారాలు సగం కూడా కాలేదు. ఏమీ అనకుండా ఉండటం నాకు చాలా కష్టమైంది. నాలుగో వారం తక్కువ రాసుకుని, రాసుకున్నదంతా పూర్తి చేసింది. ఆ మూడు వారాలూ ఓపిక పట్టండి, మళ్లీ టైంటేబుల్ జోలికి పోకండి.

సమస్య: లెక్కల్లో ఒకేచోట ఆగిపోయి ఏడుస్తోంది.

కారణం: తప్పు చాలాసార్లు ఆ పాఠంలో ఉండదు. వర్గ సమీకరణాలు రావట్లేదంటే పక్కన కూర్చుని చూశాను. పద్ధతి అంతా సరిగ్గానే వేసింది. చివర్లో 9/16కి 1/2 కలపాల్సి వచ్చి 10/18 అని రాసింది. రావాల్సింది 17/16. రానిది భిన్నాల కూడిక.

పరిష్కారం: రెండు వారాలు పదో తరగతి పుస్తకం మూసేసి ఆరు, ఏడు తరగతుల భిన్నాలు చేయించాను. వెనక్కి వెళ్లడానికి పిల్లలు సిగ్గుపడతారు, మీరూ పక్కన కూర్చుని చేస్తే ఆ సిగ్గు పోతుంది.

సమస్య: పరీక్షల ముందు విపరీతమైన టెన్షన్.

కారణం: అన్నీ ఒకేసారి రాయాలన్న బడి అలవాటు.

పరిష్కారం: ఎన్‌ఐఓఎస్‌లో అన్నీ ఒకేసారి రాయక్కర్లేదు. 14 ఏళ్లు నిండితే పదికి చేరొచ్చు. రిజిస్ట్రేషన్ 5 ఏళ్లు చెల్లుతుంది. పరీక్షలు ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబర్-నవంబర్‌లో ఒకసారి. ఒక భాషతో కలిపి 5 సబ్జెక్టులు పాసవ్వాలి. మేం రెండు ముందు, మూడు తర్వాత రాయించాం. అసైన్‌మెంట్లకు 20 శాతం వెయిటేజీ ఉంది, గడువు దాటనివ్వకండి.

సమస్య: "ఓపెన్‌లో ఇంటర్ చేస్తే ఇంజనీరింగ్ సీటు రాదట" అని చుట్టాలు భయపెడతారు.

కారణం: సగం తెలిసిన సమాచారం.

పరిష్కారం: ఎన్‌ఐఓఎస్ సీనియర్ సెకండరీ (అంటే ఇంటర్) 5 సబ్జెక్టులతో పాసైతే జేఈఈ రాయొచ్చు. అసలు జాగ్రత్త పడాల్సింది ప్రాక్టికల్స్ దగ్గర. థియరీ, ప్రాక్టికల్స్ విడివిడిగా పాసవ్వాలి. సైన్స్ తీసుకునే ముందే స్టడీ సెంటర్‌కి వెళ్లి, ల్యాబ్‌లో నిజంగా ప్రయోగాలు చేయిస్తారో లేదో కళ్లారా చూడండి.

సమస్య: రోజంతా ఫోన్‌లోనే.

కారణం: మాట్లాడటానికి తన ఈడు వాళ్లు లేరు.

పరిష్కారం: ఫోన్ లాక్కోవద్దు, మనుషుల్ని వెతకండి. మా అమ్మాయి సాయంత్రం ఐదింటికి షటిల్‌కి వెళ్తుంది. అక్కడి పిల్లలతో ఎంత కలిసిపోయిందంటే, దాహమైతే వాళ్ల సీసాల్లోనే తాగుతుంది. నేను వెంట వెళ్లను.