బ్లిజార్డ్ వచ్చినప్పుడు ఏది ఆగితే ఏం చేయాలి

ఆగస్టులో హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో అమెరికా వచ్చిన పిల్లలకు మొదటి డిసెంబరు గండం లాంటిది. మంచు అందంగానే ఉంటుంది, దాని వెనక వచ్చే గాలే ప్రమాదం. ఆ గాలీ మంచూ కలిసిన తుపానే బ్లిజార్డ్. 2022 డిసెంబరు 23న మొదలైన తుపాను న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోను క్రిస్మస్ దాటేదాకా వదల్లేదు. 40 మందికి పైగా పోయారు. కొందరు కార్లలో, కొందరు వీధిలో, కొందరు హీటింగ్ ఆగిన సొంత ఇంట్లోనే. అంబులెన్సులు కూడా మంచులో కూరుకుపోయాయి. ఫోన్ చేసినా ఎవరూ రాలేని ఆ గంటల కోసమే ఇది రాస్తున్నాను.

సమస్య: ఫోన్‌లో హెచ్చరిక మోగింది, కిటికీలోంచి చూస్తే ఏమీ లేదు

'వాచ్' అంటే తుపాను వచ్చే అవకాశం ఉందని. 'వార్నింగ్' అంటే వచ్చేస్తోందని. ఎన్ని అంగుళాల మంచు పడుతుందన్నదాన్ని బట్టి బ్లిజార్డ్ వార్నింగ్ ఇవ్వరు. గంటకు 35 మైళ్ల గాలి, పావు మైలు మించి కనబడని చూపు, ఈ రెండూ కనీసం 3 గంటలు ఉంటాయనుకుంటే ఇస్తారు. కొత్త మంచు పడకపోయినా, నేలమీది పొడిమంచు లేచి కళ్లు కప్పేస్తే అదీ బ్లిజార్డే.

వాచ్ వచ్చిన రోజే మందులు, నీళ్లు, టార్చి, ఫోన్ ఛార్జింగ్ చూసుకోండి. మన ఇళ్లలో బియ్యం, పప్పు నిండుగా ఉంటాయి గానీ కరెంటు పోతే ఎలక్ట్రిక్ పొయ్యి వెలగదు. అటుకులు, బ్రెడ్, పల్లీలు, అరటిపండ్లు 3 రోజులకు సరిపడా పెట్టుకోండి. వార్నింగ్ వచ్చాక షిఫ్ట్ ఉందని బయల్దేరొద్దు. ఆ ఒక్క రోజు జీతం పోయినా పర్వాలేదు.

సమస్య: కరెంటు ఉంది, ఫర్నేస్ (ఇంటిని వెచ్చబరిచే యంత్రం) మాత్రం ఆగింది

చాలా ఇళ్లలో గ్యాస్ ఫర్నేస్ గాలి పీల్చే గొట్టం, పొగ వదిలే గొట్టం బయటి గోడకు కిందివైపు ఉంటాయి. మంచు పేరుకుని వాటిని మూసేస్తే ఫర్నేస్ తనంతట తానే ఆగిపోతుంది. అవి ఎక్కడున్నాయో తుపానుకు ముందే చూసి పెట్టుకోండి. గాలి కాస్త తెరిపి ఇచ్చినప్పుడు, చూపు ఆనుతుంటేనే, గోడ వదలకుండా వెళ్లి మంచు తీసేయండి. అప్పటికీ వెలగకపోతే అందరూ ఒకే గదిలో చేరి, తలుపు కింద సందులో తువ్వాళ్లు కుక్కి, ఉన్న దుప్పట్లన్నీ కప్పుకోండి.

సమస్య: ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం, మగత

కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. మన ఊళ్లలో చలికి కుంపటి రాజేసుకోవడం మామూలే. సందులున్న పెంకుటిల్లు కాబట్టి చాలాసార్లు గండం గడిచేది. ఇక్కడి ఇళ్లు గాలి చొరబడకుండా కడతారు. బొగ్గుల గ్రిల్ లోపలికి తేవడం, వెచ్చదనానికి గ్యాస్ పొయ్యి వెలిగించి ఉంచడం, గ్యారేజీలో జనరేటర్ నడపడం, ఈ మూడూ ప్రాణం తీసేవే. గ్యారేజీ తలుపు తెరిచి ఉంచినా సరే. జనరేటర్ ఇంటి బయట, కనీసం 20 అడుగుల దూరంలో ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగినా, తల తిరిగినా ముందు అందరినీ బయటికి తీసుకొచ్చి, ఆ తర్వాత 911కి (ఇక్కడి అత్యవసర నంబరు) ఫోన్ చేయండి.

సమస్య: కుళాయిలో నీళ్లు రావడం లేదు

పైపులో నీరు గడ్డకట్టింది. కుళాయి తిప్పి ఉంచి, కుళాయి దగ్గర్నుంచి వెనక్కి హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేయండి. మంట పెట్టొద్దు. పైపు పగిలితే మెయిన్ వాల్వ్ కట్టేయాలి, అదెక్కడుందో ఇవాళే చూడండి.

సమస్య: దారిలో కారు కూరుకుపోయింది

దిగి నడవొద్దు. నాలుగడుగుల్లో దారి తప్పుతుంది, వెనక్కి తిరిగితే కారు కూడా కనబడదు. ముందుగా వెనక పొగగొట్టం చుట్టూ మంచు తీయండి. అది మూసుకుపోతే ఆ పొగంతా మీ మధ్యకే వస్తుంది. గంటకు 10 నిమిషాలు ఇంజిన్ నడిపి, ఆ సేపూ గాలి కొట్టని వైపు అద్దం కొంచెం దించండి. ప్రతిసారీ గొట్టం చూశాకే స్టార్ట్ చేయండి. ఎర్ర చున్నీ ఉంటే తలుపు పిడికి కట్టండి, వెతికేవాళ్లకు కనబడుతుంది. కాళ్లూ చేతులూ ఆడిస్తూ ఉండండి.

సమస్య: వణుకు ఆగింది, మాట ముద్దగా వస్తోంది

వణుకు ఆగిందని సంతోషించకండి, ఒంట్లో వేడి ప్రమాదకరంగా పడిపోయిందని అర్థం. తడిబట్టలు తీసేసి ముందు ఛాతీ, మెడ, తల వెచ్చబరచండి. స్పృహ ఉంటేనే వెచ్చటివి తాగించండి, మద్యం మాత్రం వద్దు. వీలైనంత త్వరగా 911కి చెప్పండి.

వేళ్లు, చెవులు, ముక్కు మొద్దుబారితే అది ఫ్రాస్ట్‌బైట్ కావచ్చు, అంటే చలికి చర్మం గడ్డకట్టి దెబ్బతినడం. 0 డిగ్రీల ఫారెన్‌హీట్ చలికి గంటకు 15 మైళ్ల గాలి తోడైతే అరగంట చాలు. మన చామనఛాయ ఒంటిమీద ఎరుపు త్వరగా తెలియదు, బూడిద రంగు తిరిగిందేమో చూడండి. రుద్దొద్దు, మంచు పూయొద్దు. మళ్లీ చలి తగలదనుకున్న చోటే గోరువెచ్చని నీళ్లలో ఉంచండి. ఆ నీళ్ల వేడి తిమ్మిరెక్కిన వేళ్లకు తెలియదు, పక్కవాళ్లు మోచేయి ముంచి చూడాలి.