పేడ దిబ్బ, బోరు, చెరువు: ఎక్కడ తేడా వచ్చిందో చూసుకోండి

వాన పడ్డ మర్నాడు బోరు నీళ్లు వాసన కొడుతున్నాయి

చిత్తూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గట్టి వానలు. ఆ నెలల్లోనే నీళ్లు చెడుతుంటే ముందు కేసింగ్ పైపు మొదట్లో చూడండి. మట్టి కుంగి వేలు పట్టేంత సందు ఉంటే, దిబ్బ మీద పడ్డ వాన నేరుగా అందులోకే దిగుతోంది. సందు మూసి, చుట్టూ బయటికి వాలుగా సిమెంటు చేయించండి. తర్వాత బ్లీచింగ్ వేసి, ఆ వాసన పోయేదాకా మోటరు ఆడించి నీళ్లు వదిలేయాలి.

నీళ్లు తేటగా ఉన్నా పరీక్షలో నైట్రేటు ఎక్కువ వచ్చింది

అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే, నాకు భయమూ ఇదే. దీనికి రంగు, వాసన, రుచి ఏవీ ఉండవు. తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే ఆరు నెలల్లోపు పసిబిడ్డలకు ముప్పు. రక్తం ఆక్సిజన్ మోయలేక పెదాలు, గోళ్లు నీలంగా మారతాయి. కాచితే పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. బ్లీచింగుకూ లొంగదు. ఆర్వో ఫిల్టరు తగ్గిస్తుంది. అది పెట్టించేదాకా పాలపొడి కలపడానికి ఆ నీళ్లు ముట్టకండి.

పేడ ఎత్తుతాం గానీ పశువుల మూత్రాన్ని నేలకే వదిలేస్తాం. అందులోని నత్రజని మట్టిలో నైట్రేటుగా మారి వాననీటితో కిందికి దిగుతుంది. కొట్టానికి గచ్చు, కాలువ, చివర సిమెంటు తొట్టి ఉంటే ఆ మూత్రమే గడ్డి మడికి ఎరువు. దిబ్బను బోరుకు పల్లం వైపు మార్చి పైన రేకులు వేయండి. నీళ్లలో నైట్రేటు అంకె వెంటనే దిగదు, ఏళ్లు పట్టొచ్చు.

చెరువు పచ్చబడి, తెల్లారేసరికి చేపలు తేలుతున్నాయి

కొట్టాలు కడిగిన నీళ్లు, కోళ్ల ఎరువు వంకలో కలిసి చేరాయి. వాటి భాస్వరంతో పాచి పెరిగి, రాత్రంతా నీటిలోని ఆక్సిజన్ తీసేసుకుంటుంది. మందు కొట్టి పాచిని చంపితే అది కుళ్లి మిగిలిన చేపలనూ చంపుతుంది. పేడ పూర్తిగా ఎత్తాకే కొట్టం కడగండి. నాలుగైదు సీమావులున్న ఇంటికి గోబర్ గ్యాస్ మేలు. 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ చాలు.

చెనక్కాయ చేను అక్కడక్కడా వాడిపోతోంది

చెట్టు పీకితే సులువుగా వస్తుందా? వేరు కొరికేసి ఉంటే వేరుపురుగు. మాగని పేడ తోలిన చేలో ఎక్కువ. తొలకరి వానల తర్వాత పొద్దుగూకేవేళ వేపచెట్లు దులిపితే దీని తల్లి పెంకుపురుగులు రాలతాయి, ఏరి కిరసనాయిలు కలిపిన నీళ్లలో వేయండి.