కొత్త టైరు ఎక్కించాక గాట్లు, ఉబ్బు, గాలి దిగడం, వణుకు: కారణం పట్టుకోవడం ఎలా

కొత్త టైరుకి మొదటి దెబ్బ రోడ్డు మీదే తగలాలని లేదు, ఫిట్టింగ్ మిషన్ మీదే తగలొచ్చు. టైరు లోపలి అంచులో ఉక్కు తీగల కట్ట ఉంటుంది, దాన్నే బీడ్ అంటారు. ఆ తీగ సాగదు. పైగా బీడ్ చుట్టుకొలత రిమ్ము అంచు కంటే తక్కువ. అందుకే ఒక పక్క బీడ్‌ని రిమ్ము మధ్యలో ఉన్న పల్లంలోకి నొక్కి పెట్టి, ఎదుటి పక్కని అంచు దాటించాలి. అలా నొక్కకుండా మిషన్ తిప్పినా, బీడ్ జారడానికి రాసే పేస్టు సరిగ్గా రాయకపోయినా బలమంతా ఒక్కచోటే పడి రబ్బరు చిరుగుతుంది, లేదా లోపలి తీగ వంగిపోతుంది. సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) పొట్టిగా ఉండే టైర్లకీ, గాలి పోయినా కొంతదూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లకీ ఈ ముప్పు ఎక్కువ, ఎందుకంటే వాటి పక్కలు వంగవు.

అయితే కంటికి కనబడే ప్రతి గీతా నష్టం కాదు. అసలైన నష్టం చాలాసార్లు రిమ్ము చాటున ఉండి బయటికి కనబడదు. రెంటినీ వేరు చేసి చూడటమే ఇక్కడ ముఖ్యం.

రిమ్ము పక్కన రబ్బరు గీసుకుపోయింది, చిరిగింది

టార్చి వేసి, టైరు చుట్టూ వేలితో తడుముతూ చూడండి. పై రబ్బరు మీద గీత మాత్రమే ఉండి, గోరుతో రెండు పక్కలకీ లాగినా లోతు కనబడకపోతే భయం లేదు. రిమ్ముకి దెబ్బ తగలకుండా కొన్ని టైర్లకి రిమ్ము పక్కనే ఒక రబ్బరు గట్టు ఉంటుంది. ఆ గట్టు కొస కాస్త ఊడినా టైరు బలానికి ఏమీ కాదు.

గాటు తెరిచినప్పుడు లోపల నేత దారాలు కనబడినా, లోహం మెరిసినా ఆ టైరు పనికిరాదు. దానికి అతుకు లేదు, జిగురు లేదు. సైడ్‌వాల్‌కీ బీడ్‌కీ ప్యాచ్ వేయకూడదు. పంక్చర్ మరమ్మతు ట్రెడ్ (రోడ్డుకి ఆనే భాగం) మధ్యకే పరిమితం, కారు టైరులో అదీ 6 మిల్లీమీటర్ల రంధ్రం వరకే.

ఈ రెంటికీ మధ్యరకం ఒకటుంది: చిరుగు రిమ్ము అంచు కిందికి దిగిపోయి, ఎంత దూరం వెళ్లిందో తెలియదు. అలాంటప్పుడు పైనుంచి చూసి తీర్పు చెప్పకూడదు. టైరు విప్పించి బీడ్‌ని చుట్టూ చూడాలి. గాలి ఆపేది రిమ్ముకి ఆనుకునే మడమ భాగం. అక్కడ రబ్బరు ముక్క లేచిపోయినా, బీడ్ ఒకచోట వంకర తిరిగినా టైరు మార్చాల్సిందే. వంగిన తీగ చూడటానికి చిన్న వంకరలాగే ఉంటుంది, కానీ గాలి కొట్టినప్పుడు తెగేది అక్కడే.

సైడ్‌వాల్ మీద సొట్ట లేదా ఉబ్బు

ఈ రెండూ ఒకటి కావు. రిమ్ము నుంచి ట్రెడ్ వైపు నిలువుగా సాగే లోపలి సొట్ట రేడియల్ టైర్లలో మామూలే. లోపలి నేత పొర రెండు కొసలు ఒకదాని మీద ఒకటి అతికిన చోట దారాలు రెట్టింపు ఉంటాయి. గాలి కొట్టినప్పుడు ఆ గీత మిగతా చోట్లంత సాగక లోపలికి కనబడుతుంది. అది బలహీనత కాదు.

బయటికి పొంగిన ఉబ్బు సంగతి వేరు. అక్కడ దారాలు తెగి ఉండొచ్చు, విడిపోయి ఉండొచ్చు, గాలి ఆపుతున్నది ఉత్త రబ్బరే. అరచేత్తో రాసి చూస్తే తేడా తెలుస్తుంది. కారణం తయారీ లోపమా, ఫిట్టింగ్‌లో బీడ్ విడదీసే బ్లేడు సైడ్‌వాల్‌ని నొక్కిందా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ముందు ఆ టైరు తీసి స్పేర్ వేయండి. గాలి తగ్గించి నడపడం పరిష్కారం కాదు, పక్కలు ఇంకా ఎక్కువ వంగి వేడెక్కుతాయి.

గాలి దిగిపోతోంది

బాగున్న టైరులో కూడా నెలకి సుమారు 1 పిఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గుతుంది. చలి పెరిగితే ప్రతి 5 లేదా 6 డిగ్రీల సెల్సియస్‌కి మరో 1 పిఎస్‌ఐ తగ్గుతుంది. నాలుగు టైర్లూ సమానంగా తగ్గితే అది వాతావరణం. ఒక్కటే ఒక్క రాత్రిలో 2, 3 పిఎస్‌ఐ తగ్గితే లీకు ఉన్నట్టే. కొలిచేది ఎప్పుడూ బండి కదలకముందు, చల్లని టైరులో.

సబ్బునీళ్లు చాలు, కానీ వరస ముఖ్యం. మొదట వాల్వ్ నోట్లో ఒక చుక్క వేయండి. బుడగ పెరిగితే లోపలి పిన్ను వదులు, బిగించినా ఆగకపోతే మార్చండి. తర్వాత వాల్వ్‌ని కాస్త పక్కకి వంచి మొదట్లో పోయండి. అక్కడ బుడగలు వస్తే పాత రబ్బరు వాల్వ్‌నే ఉంచేశారని అర్థం. టైరుతో పాటు వాల్వ్ కూడా కొత్తది వేయాలి. ప్రెషర్ సెన్సర్ ఉన్న చక్రంలో అయితే దాని రబ్బరు వాషరు, పిన్ను మార్చాలి.

వాల్వ్ బాగుంటే చక్రం విప్పి రిమ్ముకి రెండు వైపులా పోయండి. లోపలి వైపు చూడకుండా వదిలేయడం తరచూ జరిగే పొరపాటు. నురగ సన్నగా, నెమ్మదిగా లేస్తుంది, రెండు మూడు నిమిషాలు ఆగి చూడాలి.

రిమ్ము అంచున నురగ వస్తే తప్పు టైరుదా, రిమ్ముదా అని తేల్చే పద్ధతి ఇది. నురగ వచ్చిన చోట టైరు మీదా, రిమ్ము మీదా ఎదురెదురుగా చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. విప్పించి ఆ రెండు చోట్లూ చూడండి. రిమ్ము మీద తుప్పు, అల్లాయ్ అయితే తెల్లటి పొడి, లేదా పాత టైరు రబ్బరు అంటుకుని ఉంటే మెటల్ మెరిసేదాకా రుద్ది శుభ్రం చేయించాలి. రెండూ బాగానే కనబడితే టైరుని రిమ్ము మీద సగం చుట్టు తిప్పి ఎక్కించి మళ్లీ పరీక్షించండి. నురగ టైరు గుర్తుతో పాటు జరిగితే బీడ్ దెబ్బతింది, రిమ్ము గుర్తు దగ్గరే ఉంటే రిమ్ము వంకర. బీడ్ సీలర్ పూత రిమ్ము మీది చిన్న గరుకుదనాన్ని మూస్తుంది, అంతే. చిరిగిన బీడ్‌కి దాన్ని పూస్తామంటే ఒప్పుకోకండి.

80 నుంచి 100 కిలోమీటర్ల వేగంలో వణుకు

స్టీరింగ్ వణికితే సాధారణంగా ముందు చక్రాలు, సీటు వణికితే వెనక చక్రాలు. బ్యాలెన్సింగ్‌కి పంపేముందు ఒకటి చూడండి. రిమ్ము అంచుకి దగ్గరగా టైరు మీద చుట్టూ ఒక సన్నటి అచ్చు గీత ఉంటుంది. ఆ గీతకీ రిమ్ముకీ మధ్య దూరం అంతటా ఒకేలా ఉండాలి. ఒకచోట గీత లోపలికి దిగి కనబడకపోతే బీడ్ పూర్తిగా కూర్చోలేదు. దాన్ని బ్యాలెన్స్ చేయడం వృథా. గాలంతా తీసి, బీడ్ విడదీసి, పేస్టు రాసి మళ్లీ కొట్టాలి. కూర్చోబెట్టడానికి 40 పిఎస్‌ఐ దాటకూడదు. అప్పటికీ కూర్చోకపోతే కారణం వెతకాలి గానీ గాలి పెంచకూడదు, బీడ్ తెగితే టైరు పేలుతుంది. గాలి పట్టిన టైరుని సుత్తితో కొట్టడం మరీ ప్రమాదం.

గీత సరిగ్గా ఉన్నా వణుకుంటే తిరిగి బ్యాలెన్సింగ్ చేయించాలి. హబ్ (చక్రాన్ని బిగించే భాగం) మీద తుప్పు ఉంటే చక్రం పూర్తిగా ఆనదు, కాబట్టి దాన్నీ తుడిపించండి. మొదటి రోజు బాగుండి తర్వాత వణుకు మొదలైతే, పేస్టు ఆరకముందే గట్టిగా బ్రేకు వేసినందుకు టైరు రిమ్ము మీద జారి ఉండొచ్చు. వాల్వ్‌కి ఎదురుగా టైరు మీద ముందే గుర్తు పెట్టుకుంటే జారిందో లేదో చూడగానే తెలుస్తుంది. అందుకే మొదటి రోజు గట్టి బ్రేకులు, ఒక్కసారిగా వేగం వద్దు.

కుదుపు ఎక్కువై బండి బిగుసుకుపోయినట్టుంటే ముందు గాలి కొలవండి. కూర్చోబెట్టడానికి కొట్టిన 40 పిఎస్‌ఐ అలాగే వదిలేసి ఉండొచ్చు. డోరు ఫ్రేము మీది స్టిక్కరులో ఉన్నంతకి దించండి.

ఒక పక్కకి లాగుతోంది

ముందు రెండు చక్రాలూ అటూ ఇటూ మార్చి చూడండి. లాగే దిశ మారితే టైరే కారణం, మారకపోతే అలైన్‌మెంట్ లేదా బ్రేకు. తిరిగే దిశకి బాణం గుర్తు ఉన్న టైర్లకి ఈ పరీక్ష కుదరదు. వాటిలో బాణం బండి ముందుకి వెళ్లే దిశలో ఉందో లేదో, లోపలి వైపు బయటి వైపు అచ్చు ఉన్న టైర్లలో బయటి వైపు బయటికే ఉందో లేదో చూడాలి.

ప్రెషర్ లైటు వెలుగుతోంది

వెలిగి అలాగే ఉంటే గాలి సరిచేసి, మాన్యువల్‌లో చెప్పినట్టు రీసెట్ చేయండి. ఒక నిమిషం పైగా మినుకుమని తర్వాత ఆరకుండా వెలిగే ఉంటే సెన్సర్ పలకడం లేదు. వాల్వ్ దగ్గరే బ్లేడు పెట్టి బీడ్ విడదీస్తే సెన్సర్ విరిగేది ఇలాగే.

పట్టించుకోనక్కర్లేనివి

ట్రెడ్ మీది రంగు చారలు, వెంట్రుకల్లాంటి రబ్బరు మొలకలు నష్టం కాదు. పసుపు చుక్క టైరులో తేలికైన చోటు, దాన్ని వాల్వ్ పక్కనే వచ్చేలా పెడతారు. ఎర్ర చుక్క టైరు గట్టిగా, ఎత్తుగా ఉన్న చోటు.

షాపుతో మాట్లాడేముందు

ఫిట్టింగ్ అయ్యాక అక్కడే చుట్టూ తిరిగి చూసి, దెబ్బ కనబడితే బండి కదలకముందే ఫోటో తీయండి. గాటు దగ్గర్నుంచి ఒకటి, గాటు, వాల్వ్ రెండూ పడేలా ఒకటి, సైడ్‌వాల్ మీది డాట్ కోడ్‌ది ఒకటి. ఆ కోడ్ చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం: 2324 అంటే 2024లో 23వ వారం. మార్చిన టైరు అదే సైజు, అదే మోడల్, అదే లోడ్ ఇండెక్స్ (మోయగల బరువు సంఖ్య), అదే స్పీడ్ రేటింగ్‌లో ఉండాలి. తిరిగి బిగించిన చక్రం నట్లు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) నక్షత్రం వరసలో బిగించమనండి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడండి.